వాకిట్లో పరాయి బండి

బెర్నీస్ పిలార్స్కీ చేతిసంచిలో ఒక ఎర్ర ఊలుదారం ముక్క పెట్టుకుని కార్ల షోరూములన్నీ తిరుగుతోంది. వంటింటి కుర్చీ మీద దిండు వేస్తే ఎంత ఎత్తో, ఆ దారం అంత పొడవు. ఆమె భర్త చెస్టర్ ఎవరి సాయమూ లేకుండా కూర్చుని లేవగలిగేది ఆ ఎత్తులోనే.

జనవరిలో చెస్టర్ తన పికప్పు ట్రక్కు దిగుతూ మంచు మీద జారి పడ్డాడు. తుంటికి రెండోసారి ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తాడు, అంతే. ట్రక్కు ఎక్కలేడు. ఎక్కలేనని ఒప్పుకోడు. "చలి తగ్గనీ" అంటాడు. ఈస్టరుకు ముందు, శుక్రవారాలు మాంసం మానేసే తపస్సుకాలంలో శుక్రవారం వచ్చిందంటే చర్చి హాల్లో చేపల విందుకు పెళ్ళివారిలా తయారయ్యే మనిషి, ఈ ఏడు ఒక్క వారమూ వెళ్ళలేదు. గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు. బెర్నీస్ తండ్రి ఇలాగే ఒక కుర్చీకి అతుక్కుపోయి, వేసవి రాకముందే పోయాడు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, పొద్దున్నే కాఫీ పట్టుకుని ముందుగదిలోకి వచ్చేముందు, గుమ్మంలో ఆగి అతని ఊపిరి చప్పుడు వినేది.

ముందు చెస్టర్ పనిచేసిన కంపెనీ షోరూముకే వెళ్ళింది. కార్ల ఫ్యాక్టరీల డెట్రాయిట్ పక్కన ఆ పేటలో ఇంకోచోటికి ముందు ఎవరు వెళతారు? చెస్టర్ ముప్పై ఏళ్ళకు పైగా ఆ కంపెనీ ఫ్యాక్టరీలో బళ్ళకు తలుపులు బిగించాడు. వీధిలో అందరూ అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళే. ఒకరి అల్లుడు జపాన్ కారులో పండగకు వస్తే, భోజనాలు ముగిసేదాకా ఒక్కరూ అతణ్ణి పలకరించలేదు. ఉప్పు అందించమంటే కూడా అందించలేదు.

కంపెనీవాళ్ళ మధ్యరకం ఎస్‌యూవీ చూడ్డానికి రాజాలా ఉంది. సేల్స్‌మన్ ఇంజిను గురించీ, పడవను లాగే శక్తి గురించీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. బెర్నీస్ వంగి నేల మీంచి సీటు దాకా దారం పట్టింది. సీటు ఇంకా జానెడు పైనే ఉంది.

"ఎక్కడానికి పక్కన మెట్టు బిగిస్తాం మేడమ్!" అన్నాడతను.

"మెట్టు మీద మంచు పేరుకుంటే?" అంది బెర్నీస్. అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

కొరియావాళ్ళ బండిలో సీటు ఎత్తు సరిపోయింది గానీ, పైకప్పు ముందుకు వాలి ఉంది. మెడా నడుమూ బాగా వంచితే తప్ప తల లోపలికి పోదు. వంగగలిగితే చెస్టర్‌కు ఈ తిప్పలెందుకు? జపాన్‌వాళ్ళ బండి దగ్గర దారం కొస సీటు అంచును సరిగ్గా తాకింది. తలుపు బార్లా తెరుచుకుంది. వెనక డిక్కీ గడప ఎంత కిందికి ఉందంటే, వాకర్‌ను ఎత్తి పడెయ్యక్కర్లేదు, జరిపితే చాలు. ఎత్తుదారిలో ఇంజిను కాస్త ఏడుస్తుంది. ఏడవనీ, అనుకుంది బెర్నీస్. బండి నచ్చింది. నచ్చడమే చిక్కు. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏమని చెప్పాలి?

"ఈ రాత్రికి మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఆయన్ని కూడా ఎక్కించి చూడండి," అని ట్రిష్ అనే సేల్స్ ఆవిడ తాళాలు చేతిలో పెట్టింది.

అది శుక్రవారం సాయంత్రం. బండి వాకిట్లోకి తిరుగుతుంటే ఎదురింటి కిటికీ తెర కదిలింది. బెర్నీస్ తల దించుకుని లోపలికి నడిచింది. చెస్టర్ అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎవరిదది?"

"చూద్దామని తెచ్చాను, చెట్," అంది బెర్నీస్, ఎప్పటి ముద్దుపేరుతోనే.

"చూశావుగా. తీసేయ్. వీధంతా చూస్తోంది."

"చూడనీ."

"నాకు తిండి పెట్టిన కంపెనీ ఉండగా, నా వాకిట్లో ఆ రేకుడబ్బానా? బుద్ధుందా నీకు?"

బెర్నీస్ ఎన్నాళ్ళనుంచో దిగమింగుకున్నది అప్పుడు ఆగలేదు. "నువ్వు ఆ కుర్చీలోనే చచ్చిపోతావని భయంగా ఉంది, చెట్! రోజూ పొద్దున్న నువ్వు కళ్ళు తెరుస్తావో లేదోనని చూస్తున్నా. రేకుడబ్బా అంటున్నావా? వెళ్ళి చూసి ఆ మాట అను. ముట్టుకోకుండా అనకు!"

చెస్టర్ వాకర్‌ను గుమ్మం వైపు తిప్పాడు. "చూస్తాను. ఆ తలుపులు ఎంత దరిద్రంగా బిగించారో నీకే చూపిస్తాను. కోటు ఇలా తే."

తప్పు పట్టడానికైనా గుమ్మం దాటాడు, అదే పదివేలు. బెర్నీస్ అతను పడితే పట్టుకుందామని చేతులు చాచి వెనకే నడిచింది. చెస్టర్ బండి చుట్టూ తిరిగాడు. తలుపుకూ చక్రం మీది రేకుకూ మధ్య సందులో గోరు పెట్టి పైనుంచి కిందికి లాగాడు. మళ్ళీ లాగాడు. సందులో ఎక్కడా తేడా లేదు. తలుపు తెరిచాడు, మూశాడు, చెవి ఒగ్గాడు. లోపలినుంచి మోత ఎలా ఉంటుందో వినాలన్న పంతంలో వెనక్కి తిరిగి, సీటు మీద కూలబడి, ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని లోపల పెట్టుకున్నాడు. తలుపు మూసుకున్నాడు.

ఎవరి సాయమూ లేకుండా ఎక్కేశాడు. ఆ మాట బెర్నీస్ పైకి అంటే, పంతానికి దిగిపోతాడు.

చాలాసేపటికి అద్దం దిగింది.

"మా బళ్ళు అంత ఎత్తెందుకు కట్టామే, బెర్నీ?" అన్నాడు చెస్టర్. గొంతులో కోపం లేదు. "అన్నేళ్ళు తలుపులు బిగించాను. ముసలాడు ఎలా ఎక్కుతాడోనని ఒక్కసారీ అనుకోలేదు."

"అప్పుడు నువ్వు ముసలాడివి కాదుగా."

అతను సీటుబెల్టు లాగి పెట్టుకున్నాడు. "ఇవాళ శుక్రవారం కదూ? చర్చి హాలుకు వెనక దారిలో పోనీ. వంటవాళ్ళ తలుపు దగ్గర ఆపు. ముందు వద్దు."

దారంతా బెర్నీస్ బండిని నత్తనడకన నడిపింది. ఎవడైనా ఒక్క ఎకసెక్కపు మాట అన్నాడంటే, ఈయన మళ్ళీ కుర్చీలో పడతాడు, ఇక లేవడు. హాలు వెనక చెత్తడబ్బాల పక్కన ఖాళీ చూసి ఆపింది. ఆ పక్కనే అప్పటికే కొరియా బండి ఒకటి ఆగి ఉంది. లోపల దీపం వెలుగులో ఒక ముసలాయన ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని వేపిన చేప తింటున్నాడు.

ఫ్యాక్టరీలో చెస్టర్ పక్కనే అదే వరసలో తలుపులు బిగించిన వాల్ట్ గోర్నీ అతను. తపస్సుకాలం మొదలైన దగ్గర్నుంచీ ఫ్లూ తగ్గలేదని వాల్ట్ భార్య అందరికీ చెబుతూ వస్తోంది.

చెస్టర్ తనంతట తను దిగి, బెర్నీస్ డిక్కీలోంచి దించిన వాకర్ నెట్టుకుంటూ వెళ్ళి అద్దం మీద తట్టాడు. వాల్ట్ ఉలిక్కిపడ్డాడు. చేతికర్రను సీటు కిందికి తోసి, అద్దం కొంచెం దించాడు.

"నన్ను చూడలేదనుకుని పోరా, చెట్. నీకు పుణ్యం ఉంటుంది."

హాల్లోంచి జనం నవ్వులు వినిపిస్తున్నాయి. చెస్టర్ అటు చూశాడు. వాకర్‌ను ఒక అడుగు అటు జరిపి ఆపేశాడు.

"పోలేనురా," అన్నాడు చెస్టర్. "ఒక్కణ్ణే లోపలికి పోవాలంటే భయంగా ఉంది. నువ్వూ దిగు."

వాల్ట్ అట్టపెట్టె మూత మూసి, సీటు కిందినుంచి చేతికర్ర బయటికి తీశాడు. బెర్నీస్ గబగబా వచ్చి ఆ పెట్టె అందుకుంది. ముసలాళ్ళిద్దరూ మంచు లేనిచోట చూసి అడుగులు వేస్తూ, వంటవాళ్ళ తలుపు వదిలేసి, ముందు గుమ్మం వైపు తిరిగారు.