అన్నం తగ్గించిన రోజుల్లో నన్ను నిలబెట్టిన దేవుడు

ఈ ఉదయం నన్ను నా కాళ్లమీదనే మీ ముందుకు నడిపించిన దేవుని పేరిట మీ అందరికీ వందనాలు, సహోదరులారా!

నా పేరు సువార్తమ్మ. తోటపల్లి గూడూరు రోడ్డు పక్కన నేనూ నా భర్త దేవదానమూ ఇడ్లీ, దోసెల అంగడి నడుపుతాం. కిందటేడు నా కుడికాలి బొటనవేలి మీద పుండు లేచింది. షుగరు ఎప్పటినుంచో ఉంది, మాత్రలు మింగుతూనే ఉన్నాను, అయినా పుండు మానకపోగా నల్లబడింది. నెల్లూరులో డాక్టరమ్మ చూసి, షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పింది! పొయ్యి ముందు నిలబడితేనే గడిచే బతుకు మాది. అన్నం, ఇడ్లీ, దోసె కొంచెం కొంచెంగా తగ్గించి చేపలు, గుడ్లు, ఆకుకూరలు తినమని ఆమె చెబితే, నేను భయంకొద్దీ అన్నం, ఇడ్లీ, దోసె ఒక్కసారే మానేసి, మిగతావి కూడా అరకొరగా తిన్నాను.

ఆ తర్వాత వచ్చిన నీరసం ఏమని చెప్పను! తల పగిలిపోయేది, కాళ్లలో సత్తువ ఉండేది కాదు, గ్రైండరు మూత ఎత్తితే చేతులు వణికేవి, వేడి ఇడ్లీల వాసనకు కళ్లలో నీళ్లు తిరిగేవి, పని చేస్తూ పాడుకునే పాటలు కూడా ఆగిపోయాయి. దేవదానం నా మొహం చూసి, "ఏంది మే ఇది, పుండు మానేలోపల నువ్వే పొయ్యేట్టుండావే! నాలుగు ముద్దలు తిను మే" అని బతిమాలేవాడు.

ఒక రోజు పొద్దున దోసె తిప్పుతూ తిప్పుతూ ఒళ్లంతా చెమటలు పట్టి, కళ్లు చీకట్లు కమ్మి, పెనం పక్కనే కూలబడిపోయాను. "ప్రభువా, తింటే వేలు పోతుంది, మానేస్తే ప్రాణం పోయేట్టుంది, నాకు దారి తెలియడం లేదు, నువ్వే చెయ్యి పట్టుకో తండ్రీ" అని మాత్రం అనగలిగాను. అప్పుడే దేవుడు మన సంఘంలోని కరుణమ్మక్కను ఇడ్లీల కోసం మా అంగడికి నడిపించాడు. ఎన్నో ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి కదా, నన్ను చూసీ చూడగానే, "దేవదానం, ఇది ఉత్త నీరసం కాదబయా, షుగరు పడిపోయినట్టుండాది. ముందు చక్కెర నీళ్లు తాపు, ఆటోని పిలువు" అని కేక పెట్టింది.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. తిండి మానేసి మాత్రలు మాత్రం మునుపటిలాగే మింగడంతో షుగరు మరీ కిందికి దిగిపోయిందట! "కడుపు మాడ్చుకోమని నేను చెప్పలేదమ్మా" అని మందలించి, మాత్రల మోతాదు తగ్గించింది. కొత్త తిండికి ఒళ్లు అలవాటుపడేదాకా కొంత నీరసం ఉంటుందని, నీళ్లు బాగా తాగమని, నాకు బీపీ లేదు కాబట్టి మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకోమని, చేపా గుడ్డూ కూరా కడుపునిండా తినమని, మధ్యాహ్నం కాసేపు పడుకోమని చెప్పి పంపింది.

ఇంటికొచ్చాక పిండి రుబ్బే పని దేవదానం తీసుకున్నాడు. నేను పీట మీద కూర్చుని చట్నీ వడ్డించేదాన్ని. నీరసం వెంటనే పోలేదు, సహోదరులారా! సంఘంలో ప్రేమ విందు జరిగిన రోజు మీరంతా బిర్యానీ తింటుంటే, నేను కోడికూరా క్యాబేజీ వేపుడూ పెట్టుకుని కూర్చున్నాను. కరుణమ్మక్క తన విస్తరిలో కూడా అవే వడ్డించుకుని నా పక్కన కూర్చుంది. ఆ పూట నాకు ఎంత బలమొచ్చిందో! "ఈ పూటకు చాలినంత శక్తినియ్యి తండ్రీ" అని అడిగాను, పూట పూటకూ ఆయన ఇచ్చాడు.

ఒక ఉదయం కొబ్బరి తురుముతున్నాను. బయట బల్లలు తుడుస్తున్న దేవదానం ఉన్నట్టుండి లోపలికి తొంగిచూసి, "పాట ఇనపడతాండాదే! మళ్లీ మునుపటి మనిషివై వచ్చేసినావా మే?" అన్నాడు. అప్పటిదాకా నేను పాడుతున్నానని నాకే తెలియదు! తల తేలికగా ఉంది, చేతులు వణకడం లేదు. మెల్లమెల్లగా పుండు కూడా ఎండింది, వేలు తీసే పని లేదని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. దేవునికే మహిమ!

తిండి మార్చుకోవడం మొదలుపెట్టి, ఒళ్లు సోలిపోయి, దేవుడు నన్ను మరిచాడేమో అని కుములుతున్నవాళ్లు మీలో ఉంటే వినండి. నీరసపడ్డంత మాత్రాన ఆయన మిమ్మల్ని విడిచినట్టు కాదు. మందులు మీ అంతట మీరు మార్చకండి, డాక్టరును అడగండి, తోటి విశ్వాసికి చెప్పుకోవడానికి సిగ్గుపడకండి, వాళ్లను మీ దగ్గరికి పంపేది ఆయనే! ఆయనను నమ్మండి. ఆరాధన అయ్యాక నేను వెనక వరుసలో కూర్చునే ఉంటాను, ఎవరికైనా భారంగా ఉంటే రండి, కలిసి ప్రార్థన చేద్దాం.