నీలం సంచిలో అత్తగారు

సముద్రం మీద ఒట్టు, మా ఆవిడ మీద ఒట్టు: ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

సునామీ నీళ్ళు మా దీవి మీదికెక్కి, డిగ్నాబాద్‌లో మా ఇంట్లోకి వచ్చి ఆల్బమ్ మొత్తం నానబెట్టి వెళ్ళాయి. అత్తగారి ఫొటో ఒక్కటే బతికింది. అబర్డీన్ బజార్లో నాకు జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది కాబట్టి దాన్ని వెంటనే స్కాన్ చేసి దాచాను. తర్వాత ఆ కాగితాన్ని బూజు తినేసింది. కెమెరా చూస్తే మూతి తిప్పుకునే మనిషి కావడంతో, ఆవిడ పోయేనాటికి లోకంలో ఇంకో ఫొటో లేదు.

ఆ ఫొటో ఉన్న నా లాప్‌టాప్‌లోనే ఊరి జనం సర్టిఫికెట్లన్నీ ఉండేవి. అందుకని లినక్స్ ఎక్కించి డిస్కు మొత్తానికి తాళం వేశాను. దాన్ని నిద్రలేపే భాగాన్ని మాత్రం వేలెడంత పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. అది గుచ్చి, పాస్‌వర్డ్ కొడితేనే లాప్‌టాప్ కళ్ళు తెరుస్తుంది. లేకపోతే అది ఉత్త చపాతీ పీట.

ఆ పెన్‌డ్రైవ్ పరుగు సంచిలో ఉండేది. సునామీ తర్వాత మా వీధిలో ప్రతి గుమ్మం పక్కనా రేషన్ కార్డుతో సహా ఒక సంచి సిద్ధంగా ఉంటుంది. భూమి కదిలితే అందిన సంచి పట్టుకుని గుట్ట ఎక్కాలి. చిక్కేమిటంటే, ఆ సంచులు అందరికీ సహాయ సామగ్రిలో వచ్చినవే. అన్నీ నీలం, అన్నిటికీ ఒకే జిప్పు.

అత్తగారి సంవత్సరీకం నాటి పొద్దున్నే భూమి ఊగింది. అందరం గుట్టెక్కి, సంచుల మీద కూర్చుని, టీ తాగి, ఏమీ రాలేదని దిగాం.

"ఏవండీ, అమ్మ ఫొటో ప్రింట్ తీశారా? పన్నెండుకి పంతులుగారు వచ్చేస్తారు."

వారం రోజులుగా రేపు రేపు అంటున్నవాణ్ణి, హుందాగా సంచి తెరిచాను. లోపల పళ్ళసెట్టు, ఎండు నెత్తళ్ళు! అది పక్కింటి దీదీ సంచి. ఆవిడేమో భయపడి గుట్ట మీంచి నేరుగా గరాచర్మలో కూతురింటికి వెళ్ళిపోయింది.

"ఫొటో లేకపోతే పీట మీద మిమ్మల్నే కూర్చోబెట్టి దండేసేస్తాను," అంది మా ఆవిడ. ఆ గొంతులో హాస్యం లేదు.

బస్సు ఎంత కిక్కిరిసిందంటే నా కుడికాలు ఈ బస్సులో, ఎడమకాలు వెనక బస్సులో ప్రయాణం చేశాయి. గరాచర్మలో దీదీ బోసినోటితో ఎదురొచ్చింది.

"అరే భయ్యా, నా పళ్ళు లాయా క్యా, తెచ్చినావా? పొద్దుట్నించీ ఇడ్లీ సప్పరిస్తన్నాను! నీ సంచిలో తిండానికేటీ నేదు, అన్నీ కాగితాలే!"

సంచులు మార్చుకుని ఇంటికొచ్చేసరికి పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు. పెన్‌డ్రైవ్ గుచ్చాను. నల్లటి తెర పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే చుక్క కూడా కనబడని తెర అది. బస్సులో కడ్డీ పట్టుకు వేలాడిన వేళ్ళు మొద్దుబారి, రెండుసార్లు తప్పు కొట్టాను.

"జరగండి. మీరు చెప్పండి, నేను కొడతాను," అంది మా ఆవిడ.

"ఇంతమందిలోనా? పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదే!"

"అమ్మకన్నా ఎక్కువా మీ పాస్‌వర్డు?"

సంవత్సరీకానికొచ్చిన ఇద్దరు బావమరుదులూ పంతులుగారూ మెడలు సాచారు. నేను నేలచూపులు చూస్తూ అన్నాను: "గురకఓడ. కలిపి కొట్టు."

"ఎవర్ని అన్నారది?"

"మీ అమ్మని. నిద్రపోతే రేవులో ఓడ కూసినట్టే కదా..."

పెద్ద బావమరిది ముందు పొట్ట పట్టుకున్నాడు. తర్వాత ఇల్లంతా ఘొల్లుమంది. తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తాయి. కాసేపటికి అత్తగారు, మూతి పక్కకి తిప్పుకుని, ప్రింటర్లోంచి మెల్లగా బయటికొచ్చారు. పంతులుగారు నవ్వాపుకోలేక సంకల్పం మూడుసార్లు మొదలెట్టారు.

నేను కల్పించింది ఒక్కటే. మహాతల్లి, అత్తగారు ఏనాడూ గురక పెట్టి ఎరగరు. పెట్టేది నేను. ఆ పేరు నాకు పెట్టింది ఆవిడే. అందుకే ఆ పూట "ఎవర్ని అన్నారది?" అని ఎవరూ అడగలేదు. "అమ్మ పెట్టిన పేరే!" అంటూ మా ఆవిడ నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఎంటర్ కొట్టింది.