నిండా ఒక నిమిషం

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. పాల ప్యాకెట్ ఇంకా గేటుకే వేలాడుతోందని అమ్మ పిలిచి చూసింది. పలకలేదు. బాపు తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లాడు. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా వాడకట్టు వాళ్లు నన్ను అడిగారు. నలుగురిలో మాట్లాడమంటే నాకు రాదు, రాయడమైతే వచ్చని వాళ్లకు తెలుసు. మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను. కానీ ఆమె పోవడానికి రెండు రోజుల ముందటి ఆదివారం గురించి రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఆమె బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దవాఖానలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక దవాఖానా మూతపడింది, జనం మాత్రం ఆమె ఇంటికి రావడం మానలేదు. వచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే మాట, గుండె దడ. వరండాలో దవాఖాన నుంచి తెచ్చుకున్న పాత చెక్క కుర్చీ ఉండేది. వచ్చినవాళ్లు అందులో కూర్చుని అరచేయి పైకి తిప్పి కుర్చీ చేతి మీద పెట్టేవారు. అక్కడ రంగంతా పోయి చెక్క నున్నగా మెరిసేది.

మా కాన్వెంటులోనూ సిస్టర్లుండేవారు. వాళ్లు నన్ను గట్టిగా మాట్లాడమనేవారు. ఈ సిస్టరమ్మ మాట్లాడకపోయినా ఊరుకునేది. అందుకే బడి నుంచి రాగానే పుస్తకం పట్టుకుని ఆమె మెట్ల మీద కూర్చునేదాన్ని. నేను ఆమెను అవ్వా అనే పిలిచేదాన్ని.

ఆమె పద్ధతి ఒకటుండేది. ముందు గోడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టేది. అప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. నాడి సమంగా ఉంటే వేళ్లు తీయకుండానే ఇంటి ముచ్చట మొదలుపెట్టేది. అత్త ఎట్లున్నది, పెద్దోడు ఫోన్ చేసిండా, తమ్ముడు వస్తున్నడా అని ఒక్కొక్క మనిషినే అడిగేది. ఎవరి ముచ్చట దగ్గర నాడి ఉరుకుతుందో అక్కడ ఆగేది.

ఒకసారి ఒక లారీ డ్రైవరు కుర్చీలో కూర్చుని, "మా ఇంటిది మంచిగనే ఉన్నది సిస్టరమ్మా, గామె ముచ్చటెందుకు?" అన్నాడు.

"నీ నోరు మంచిగున్నదంటున్నది, నీ నాడి ఉరుకుతున్నది. ఏమన్నవ్ ఆమెను?"

"ఏమనలే."

"ఏమనలేదా, నెలరోజుల సంది ఏమీ అనలేదా?"

ఆ మనిషి తల దించుకున్నాడు. "పో, ఇంటికి పోయి ఒక్క మాటన్న మాట్లాడు. మందు గదే. ఫీజు రేపు ఆమెతోని పంపియ్, మీ ఇంటి పచ్చి పులుసు." అంది.

ఆయన వెళ్లాక నాతో అంది: "గుండె ఒక్కతీరుగ ఉండదు బిడ్డా. మనిషి యాదికొస్తే మారుతది. మారకుంటెనే భయపడాలె." ఇంకోటి కూడా చెప్పింది, చాలాసార్లు చెప్పింది. "నిమిషంల లెక్క తప్పిందనుకో, ముచ్చట అడుగొద్దు. గది మన పని కాదు. సీదా దవాఖానకు తోలాలె."

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ప్రార్థనలో నిలబడి చదవాల్సి వస్తే కళ్లు తిరిగి పడిపోయాను. సాయంత్రం ఆమె నన్నూ ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. టీచర్ల గురించి అడిగింది, స్నేహితుల గురించి అడిగింది. "బాపు ఏమంటుండు?" అన్నప్పుడు ఆగింది. బాపు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పని పోయినప్పటి నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆమె గోడ మీదుగా బాపును పిలిచి, నా వేళ్లు తీసి ఆయన మణికట్టు మీద పెట్టింది.

"నాకు కండ్లు కనవడుతలేవు, గడియారం నువ్వే సూడు. లెక్కపెట్టు."

ఆమె కళ్లు బాగానే ఉండేవి. నేను లెక్కపెట్టాను. బాపు చేయి వెనక్కి తీసుకోలేదు. నిమిషం అయిపోయింది. "తప్పు లెక్కవెట్టినవ్, మళ్ల." అంది. మూడుసార్లు లెక్కపెట్టించింది. మూడోసారికి బాపు, "ఎంతొచ్చింది?" అని అడిగాడు. చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

నాడి పట్టడం నాకు అట్లా వచ్చింది.

ఆ ఆదివారం ఆమె కందకుర్తి నుంచి తిరిగొచ్చింది. అక్కడ వాళ్లక్క చనిపోతే దినాలకు వెళ్లింది. ఆమెకున్న రక్త సంబంధం ఆ ఒక్క అక్కే. సంచీ మా మెట్ల మీద పెట్టి కూర్చుంది.

"గుండె తప్పుతున్నట్టున్నది బిడ్డా. పట్టి సూడు."

తలుపులోంచి మా ఇంటి గడియారం చూస్తూ పట్టుకున్నాను. రెండు సార్లు కొట్టుకుని ఒకసారి ఆగింది. మళ్లీ నాలుగు కొట్టుకుని ఆగింది. నిమిషం ఇంకా సగం కూడా కాలేదు.

"ముచ్చట అడుగు." అంది.

నియమం ఆమెదే. నాకు గుర్తుంది. ఆమెకూ గుర్తుండే ఉంటుంది. అయినా ఆమె అడగమంది, నేను గడియారం మీది నుంచి చూపు తీసేశాను. "అక్క ఆఖరున ఏమన్నది అవ్వా?" అన్నాను. నాడి ఆగింది. అక్క దగ్గరే ఆగిందనుకున్నాను. అది అన్నిచోట్లా ఆగుతూనే ఉంది. నేను అక్క దగ్గర ఆగిందే పట్టించుకున్నాను.

"అక్క కోసమే అవ్వా. దుఃఖం."

"నేను గట్లనే అనుకున్న." అంది. ముఖం తేలికపడింది. నాకు అంతకంటే ఎక్కువ తేలికపడింది. అమ్మ చాయ్ తెచ్చింది. తాగి, "మంచిగ నేర్చుకున్నవ్." అని వెళ్లిపోయింది.

మంగళవారం వచ్చిన డాక్టరు, నాడి తప్పుతోందని ముందు ఎవరికైనా చెప్పిందా అని అడిగాడు. నాకు చెప్పిందన్నాను. "అప్పుడే తెస్తే మందులుండె కదమ్మా." అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బాపు ఇంటికొచ్చాక, "నువ్వేమన్న డాక్టరువా బిడ్డా?" అన్నాడు. డాక్టరు కాదు కాబట్టే కదా ఆ నియమం ఉంది. ఆ మాట బాపుతో అనలేదు. ఇప్పుడు ఇంట్లో మాట్లాడనిది నేనే.

నిన్న సాయంత్రం కాలువ అవతలి క్యాంపు నుంచి ఒకావిడ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరది. సంగతి ఆమెకు తెలియదు. తలుపుకు తాళం చూసి కూడా అలవాటుగా కుర్చీలో కూర్చుంది. నేను ఆ వరండాలోకి వెళ్లి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది.

"పోనీ నువ్వు చూడమ్మా. ఆవిడ పక్కన కూర్చునేదానివి, నీకూ వచ్చుగా." అని అరచేయి పైకి తిప్పి కుర్చీ చేతి మీద పెట్టింది.

అవ్వ గోడ గడియారం తాళం వేసిన గదిలో ఉండిపోయింది. నా ఫోన్ చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పలేదు. అయినా ఆమెను ఏమీ అడగలేదు. వేళ్లు తీసేసి, "దవాఖానకు వెళ్లండి." అన్నాను.

ఆమె లేవలేదు. ఎవరి గురించైనా అడుగుతానేమోనని నా వైపే చూస్తూ ఉంది. ఆమె చేయి ఆ నున్నటి చెక్క మీద అట్లాగే వెల్లకిలా ఉంది.