ఉడకబెట్టని చీర

మా ఇంటి వెనక ఒక హాస్టలు ఉంది. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఉంటారందులో. ఆదివారం పొద్దున వాళ్ల దుప్పట్లన్నీ పెద్ద గుండిగలో వేసి, బట్టల సోడా వేసి ఉడకబెడతారు. ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చిందంటే చేస్తున్న పని వదిలేసి కూర్చుండిపోతాను. మా మనవరాలు నవ్వుతుంది. “ఏందమ్మమ్మా, దుప్పట్ల వాసనకు సుత తల తిరుగుతదా?” అంటుంది. తల తిరగదు. రూతమ్మ గుర్తొస్తుంది. మంచివాళ్ల గురించి రాసేవాళ్లు ప్రేమతో మొదలుపెడతారు. నాకు మాత్రం రూతమ్మ తలపుకు రాగానే ముందు సిగ్గేస్తుంది, ప్రేమ దాని తర్వాతే.

అవి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పంజగుట్ట అప్పటికి ఊరి బయటే లెక్క. రాళ్లు, ముళ్లకంపలు, సీతాఫలం చెట్లు, అక్కడక్కడా మా గుడిసెలు. బంజారా గుట్టల మీద పెద్దవాళ్లు బంగళాలు కట్టించుకుంటుంటే మా వాడ ఆడవాళ్లు రాళ్లు కొట్టడానికీ సున్నం మోయడానికీ పోయేవాళ్లు. కొందరు బేగంపేట బంగళాల్లో ఆయాలు. వాళ్ల పిల్లల్ని పొద్దంతా చూసుకోవడానికి రూతమ్మ ఒక పెంకుటింట్లో పిల్లల గది నడిపేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు, నర్సు పని నేర్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట మెత్తన. మాట మార్చడం మాత్రం ఆమెకు చేతకాదు. నేను సిద్దిపేట దగ్గర నేతపని చేసుకునే ఇంటి పిల్లను. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, అమీర్‌పేటలో కుట్టుమిషన్ పెట్టుకున్న మా అన్నను నమ్ముకుని, కూతురు సుగుణను చంకనేసుకుని వచ్చాను. రూతమ్మ నన్ను పనిలో పెట్టుకుంది. పిల్లలకు గంజి కాచడం, మూతులు కడగడం, నిద్రపుచ్చడం నా పని. తీరిక దొరికినప్పుడు పలక ముందు పెట్టి అక్షరాలు దిద్దించేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా చుట్టుపక్కల తల్లి పోసింది. మశూచి అన్నమాట. మేమెవరం దాన్ని జబ్బు అనేవాళ్లం కాదు. అమ్మవారు ఇంటికొచ్చింది అనుకునేవాళ్లం. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, తగ్గాక మూడుసార్లు స్నానం చేయించి, అదే మూడు నీళ్లు పోసి, సాగనంపేవాళ్లం. రూతమ్మ మొదటి పొక్కు కబురు విన్న పూటే పిల్లల గదికి తాళం వేసింది. రెండు నెలలు తియ్యలేదు. పనికి పోకపోతే పొయ్యి వెలగని ఇళ్లు మావి. తల్లులు పిల్లల్ని గుడిసెల్లో పెట్టి గడియ వేసి పోవడం మొదలుపెట్టారు. అలా గడియ వేసిన ఒక ఇంట్లో రెండేళ్ల పిల్లాడు పొయ్యిలో నిప్పు పట్టుకుని అరచెయ్యి కాల్చుకున్నాడు. ఆ చేతికి మందు రాసి వచ్చిన రోజు రూతమ్మ అన్నం ముట్టలేదు.

“తియ్యకపోతే ఇలా కాలతారు, తీస్తే అలా పోతారు. ఏం చెయ్యమంటావు రాజమ్మా?” అంది నాతో. చివరికి వచ్చే గురువారం తీద్దామంది.

ఇక వారం రోజులు నన్ను కూర్చోనివ్వలేదు. గోడలకు రెండు పూతలు సున్నం వేయించింది. చాపలన్నీ ఎండబెట్టించింది. నీళ్లు కాచి చల్లార్చినవే తాగాలి. ఒకరి గ్లాసు ఒకరు ముట్టకూడదు. ఇదివరకు పిల్లలందరూ ఒకే పెద్ద జంపఖానా మీద పడుకునేవాళ్లు. ఇకమీదట ఎవరి బొంత వాళ్లదే, బొంతకూ బొంతకూ మధ్య ఒక మూరెడు ఎడం ఉండాలి. పదిహేడు మంది పిల్లలకు పదిహేడు బొంతలు కుట్టే పని నాది. “ఎవరింటి నుంచి పాతబట్ట తెచ్చినా సరే, ముందు సోడా వేసి గంటసేపు ఉడకబెట్టి, ఆ తర్వాతే సూది పట్టుకో,” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. టీకాలు వేసే మనిషి ఆ తర్వాతి సోమవారం వస్తానన్నాడు. అంతకు ముందేడు అతను వచ్చినప్పుడు నేనూ అందరిలాగే సుగుణను ఎత్తుకుని గుట్టెక్కి దాక్కున్నాను. ఆ సంగతి రూతమ్మకు తెలుసు.

మా అన్న కొడుక్కీ తల్లి పోసి తగ్గింది. మూడో నీళ్లు పోసి, చుట్టుపక్కల పిల్లలకు పెరుగన్నం పెట్టిన రోజు వదిన నన్ను పిలిచింది. సుగుణను తీసుకుపోలేదు. రూతమ్మ చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తున్నానని నాకు గర్వం కూడా. నేను బయల్దేరుతుంటే వదిన ఒక మెత్తని పాత చీర నా చేతిలో పెట్టింది.

“తల్లి పోసినన్ని దినాలు పిల్లగాడు గీ చీర మీదనే పండుకున్నడు. పారేస్తే పాపం తగుల్తది. నువ్వు పిల్లలకు బొంతలు కుడుతున్నవట గద. అండ్ల వేసి కుట్టు. తల్లి అందర్నీ సల్లగ చూస్తది.”

“ఉడకబెట్టాలంటది వదినా, మా టీచరమ్మ.”

“అమ్మవారి బట్టకు పొయ్యి సెగ తాకిస్తవా? వేపనీళ్లల్ల ముంచి నీడకు ఆరేసిన. అంతకంటె ఏం గావాలె?”

నాకు ఆ మాట సబబుగానే తోచింది. సబబుగా తోచడం ఏమిటి, ఆనందమైంది. తల్లి తాకిన చీర ముక్క ప్రతి బొంతలోనూ ఉంటే పదిహేడు మందికీ ఆమె కాపలా ఉన్నట్టే కదా అనుకున్నాను. మిగతా బట్టంతా ఉడకబెట్టాను. ఆ చీర మాత్రం అలాగే చింపి ముక్కలు ముక్కలుగా అన్నిట్లోనూ వేశాను. దొంగతనం చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. అయినా రూతమ్మకు చెప్పలేదు.

గురువారం వచ్చింది. రూతమ్మ తెల్లవారగానే గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లాడినీ ముందు నిలబెట్టుకుని నోరు తెరిపించి చూసి, చేతులు చూసి, ఆఖరుకు కాళ్లు తన ఒళ్లోకి తీసుకుని అరికాళ్లు చూసేది. ఒంటి మీద పొక్కులన్నీ రాలినా అరికాళ్లలోవి చివరిదాకా ఉంటాయట. మట్టికాళ్లు ఆమె తెల్లచీర మీద పెట్టడానికి తల్లులు బిడియపడిపోయారు. “కాళ్లు వట్టుడేందమ్మా, మాకు పాపం తగుల్తది,” అంది ఒకామె. రూతమ్మ తల ఎత్తకుండానే, “రెండో కాలు చూపించు నాన్నా,” అంది పిల్లాడితో.

బాలమ్మ అని, రాళ్లు కొట్టే ఆమె, కొడుకును తెచ్చింది. ఆ పిల్లాడి మడమ దగ్గర శనగగింజంత పొక్కు ఉంది. ఒక్కటే.

“ఇంకో వారం ఆగాలమ్మా,” అంది రూతమ్మ.

“మూడు నీళ్లు పోసినం టీచరమ్మా. తల్లి పోయింది.”

“ఆ పొక్కు రాలిపోనీ. రాలిన మర్నాడే తీసుకురా.”

“రేపు సుత పోకపోతే మేస్త్రి నా జాగల ఇంకొకామెను వెట్టుకుంటడు. జర చూడమ్మా. పిల్లగాన్ని మూలకు కూసోవెట్టు, ఎవ్వర్నీ ముట్టడు.”

రూతమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా అడ్డంగా తల ఊపింది. బాలమ్మ పిల్లాణ్ణి భుజానేసుకుని వెనక్కి తిరిగింది. నేను గేటు లోపల నిలబడి చూస్తున్నాను. ఒక్క పొక్కుకు పిల్లాణ్ణి పంపేసింది. అలాంటి పొక్కులు వందలు రాలిన చీరను నేను లోపలికి తెచ్చి పరచబోతున్నాను. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

వెంటనే చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే పని పోతుంది, సుగుణను తీసుకుని ఎక్కడికి పోను అనుకున్నాను. పిల్లలకు గంజి పోశాను, మూతులు తుడిచాను. ఎండ నడినెత్తికి వస్తున్నకొద్దీ నా చూపు బొంతల కట్ట మీదికే పోతోంది. భోజనాలయ్యాయి. పిల్లలు ఆవలిస్తున్నారు. “బొంతలు పరుచు రాజమ్మా,” అంది రూతమ్మ. బొంతల కట్ట ముందు నిలబడ్డాను కానీ ముడి విప్పలేకపోయాను.

“టీచరమ్మా, ఇవి పరవొద్దు,” అన్నాను. ఏడుస్తూనే అంతా చెప్పాను.

ఆమె తిట్టలేదు. “ఏ బొంతల్లో ఉంది?” అంది. అన్నిట్లో అన్నాను. తర్వాత అడిగింది: “కుట్టినన్నాళ్లూ ఇవి ఎక్కడున్నాయి?”

“మా ఇంట్ల.”

“సుగుణ ఎక్కడ పడుకునేది?”

కుట్టిన బొంత కుట్టినట్టే ఒకదానిమీద ఒకటి పేర్చి రోజూ వాటి మీదే పడుకోబెట్టాను నా బిడ్డను. మెత్తగా ఉందని కిలకిలా నవ్వేది. పదిహేడు మంది కోసం భయపడ్డ దాన్ని, నా కూతురు సంగతే నా బుర్రకు తట్టలేదు.

రూతమ్మ గబగబా ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టింది. “టాంగా మాట్లాడుకుని దవాఖానాకు పో. ఈ పూటే దానికి టీకా పడాలి. ఆలస్యమైంది, అయినా ఎంతో కొంత కాస్తుంది. రేపటి నుంచి పదహారు రోజులు నువ్వూ సుగుణా మీ ఇంట్లోనే ఉండాలి, ఈ గేటు లోపలికి రాకూడదు.”

“బొంతలు?”

“ఉడకబెడతాను.”

“తల్లి చీరకు సెగ తగిలితే మా అన్న కొడుక్కు ఏమన్నయితే ఎట్ల టీచరమ్మా?”

ఇంకెవరైనా అయితే ఆ మాటకు నా చెంప పగలగొట్టేవాళ్లు. రూతమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. “అయితే ఆ పాపం నాది. నీ చెయ్యి పడనివ్వను, నువ్వు చూడను కూడా చూడొద్దు. పిల్లలకు మేలు జరగాలనే వేశావు, దానికి నాకు కోపం లేదు. పొద్దున బాలమ్మ వెళ్లిపోతుంటే చూశావు చూడు, చూసి కూడా మధ్యాహ్నం దాకా ఊరుకున్నావు. దానికుంది.”

సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి వాకిట్లో గుండిగ కింద మంట ఇంకా మండుతోంది. పిల్లల్ని వేపచెట్టు కింద ఇసుకలో పడుకోబెట్టిందట. తల్లులు గేటు దగ్గర చేరారు. బాలమ్మ కూడా వచ్చింది, రేపైనా రానిస్తారేమో అడుగుదామని. రూతమ్మ అందరి ముందూ చెప్పింది.

“బొంతల్లో ఒక చీర ఉడకబెట్టకుండా కలిసిపోయింది. తల్లి పోసిన పిల్లాడి చీర. మీ పిల్లలు వాటి మీద పడుకోలేదు. అయినా పదహారు రోజులు ఒళ్లు కనిపెట్టుకుని ఉండండి. చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు. తప్పు నాదే.”

బాలమ్మ ముందుకొచ్చింది. “ఒక్క పొక్కుకు నా పొల్లగాన్ని ఎల్లగొట్టినవ్. నీ ఇంట్ల మాత్రం చీరకు చీర వెట్టుకున్నవ్. నువ్వేం మనిషివమ్మా?” అని గేటు ముందు ఉమ్మింది. నేను టాంగా పక్కన సుగుణను ఎత్తుకుని నిలబడే ఉన్నాను. రూతమ్మ నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. చూస్తే అందరూ చూస్తారని.

ఆరో రోజు సుగుణకు ఒళ్లు కాలిపోయింది. చీరను ఉడికించినందుకు తల్లికి కోపమొచ్చిందని వదిన శోకాలు పెట్టింది. రూతమ్మ రోజూ పొద్దుగూకే ముందు వచ్చేది. నేను కట్టిన వేపమండలు తప్పించుకుంటూ తల వంచి లోపలికి వచ్చి, బిడ్డ నాడి చూసి, నోట్లో నీళ్లు పోసి, చేతులు కడుక్కుని పోయేది. మండలు తియ్యమని ఒక్కసారీ అనలేదు. ఒకనాడు పొక్కులు లెక్కపెట్టి, “పదకొండు. ఇంక పెరగవు. టీకా ఆపింది,” అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె ఏడవడం ఆనాడే చూశాను. సుగుణ బతికింది. మొహం మీద మూడు మచ్చలు మిగిలాయి. మా అన్న కొడుక్కు ఏమీ కాలేదు. పిల్లల గదిలో ఒక్కరికీ తల్లి పోయలేదు. అయినా సగం మంది తల్లులు నెల దాటేదాకా రాలేదు. బాలమ్మ పని నిజంగానే పోయింది. మళ్లీ దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ, ఆ తర్వాత కూడా, రూతమ్మ పేరెత్తితే చాలు శాపనార్థాలు పెట్టేది.

కొన్నేళ్లకు రూతమ్మ పిల్లల గది తాళాలు నాకిచ్చి సొంతూరు వెళ్లింది. పోయేముందు అడిగాను, ఇప్పుడైనా నిజం చెప్పనా అని. “అప్పుడు చెబితే నీ దగ్గర ఎవరూ పిల్లల్ని వదిలేవాళ్లు కాదు. ఇప్పుడు నీ ఇష్టం. నా కోసం మాత్రం చెప్పకు,” అంది. నేను చెప్పలేదు. గేటు దగ్గర పీట వేసుకుని ఇరవై ఏళ్లకు పైగా పిల్లల అరికాళ్లు చూశాను. నన్ను అందరూ మెచ్చుకున్నారు. సొంతూరు వెళ్లిన రెండేళ్లు తిరక్కుండానే రూతమ్మ చనిపోయిందని కబురొచ్చింది.

మొన్న మొన్ననే, నా మోకాళ్లు ఇంకా మాట వింటుండగానే, బాలమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ముసలిదైపోయింది, చూపు ఆనదు. పక్కన కూర్చుని ఆ చీర ఎవరిదో, ఎవరు కుట్టారో, అంతా చెప్పాను. అడ్డం రాకుండా విన్నది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా చూశాను.

“అంటే గన్ని దినాలు నేను తిట్టింది నిన్నా?” అంది.

“నన్నే.”

ఆమె చేత్తో తడుముకుని నా చెయ్యి పట్టుకుంది. “మరి గిది గామెకు ఎవలు చెప్తరే ఇప్పుడు?” అంది.