స్టష్ మాలినోస్కీ మోకాలి సిద్ధాంతం

స్టష్ మాలినోస్కీకి జీవితంలో ఒకే ఒక్క అభిప్రాయం ఉండేది: అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు రన్నింగ్ బ్యాక్‌లకు పెద్ద ఒప్పందాలు ఇవ్వకూడదు. మిగతా విషయాల్లో ఆయనకు అభిప్రాయాలు లేవని కాదు. అవన్నీ దీని పిల్లలే. బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురుగా ఉన్న పదకొండు మంది భారీ మనుషుల మీదికి తలొంచుకుని దూసుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్. వాడి మోకాళ్ళు ఇరవై ఎనిమిదేళ్ళకు అరిగిపోతాయి, ఒప్పందం మాత్రం ముప్పై రెండేళ్ళ దాకా నడుస్తుంది. ఆ నాలుగేళ్ళూ జట్టు ఎవరి మొహం చూసి ఏడవాలి? ఇదీ స్టష్ ప్రశ్న.

ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక గ్లెన్‌హేవెన్ ఊళ్ళో మిగిలిన నాలుగు దుకాణాల్లో ఆయన సెలూన్ ఒకటి. వచ్చినవాడి మెడకు గుడ్డ కట్టి, గడ్డానికి నురగ రాసేదాకా ఓపిక పట్టి, అప్పుడు మొదలుపెట్టేవాడు. గొంతు మీద కత్తి ఉండగా ఎదురు చెప్పిన మొనగాడు ఆ ఊళ్ళో పుట్టలేదు.

ఒకసారి ఫ్రిజ్ కొనడానికి వెళ్ళాడు. సేల్స్‌మన్ పదేళ్ళ గ్యారంటీ అన్నాడు.

"ఇప్పటికి ఎన్నేళ్ళు పనిచేసిందిది?"

"ఇది కొత్తది సార్!"

"కొత్తలో అందరూ పరిగెడతారు నాయనా. ఏడాది గ్యారంటీది ఏదైనా ఉంటే చూపించు."

చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్‌గారిని కూడా వదల్లేదు. ఆయన ఆరేళ్ళు ఇక్కడే ఉంటానని సంతోషంగా చెప్పబోయాడు.

"వయసెంత ఫాదర్?"

"ఇరవై తొమ్మిది."

"రోజూ మోకాళ్ళ మీద ఎంతసేపుంటారు?"

"రెండు గంటలు... ఏం?"

స్టష్ జాలిగా తలాడించాడు. "రెండేళ్ళు చాల్లెండి."

"మరి నాతో కాపురానికి యాభై ఏళ్ళిచ్చావుగా?" అంది పక్కనే ఉన్న స్టష్ భార్య ఐరీన్.

"నువ్వు పరిగెత్తవుగా."

"నీ వెనకాల పరిగెత్తే ఇవి పోయాయి," అంటూ ఐరీన్ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

ఈ సిద్ధాంతం అందరికన్నా ఎక్కువసార్లు విన్నవాడు వెండెల్ గ్రీర్. ఆ ఊరి నుంచి పెద్ద జట్టుకెళ్ళిన రన్నింగ్ బ్యాక్ అతనొక్కడే. మూడేళ్ళు ఆడాడు. నాలుగో ఏడు పెద్ద ఒప్పందం రాబోతుండగా మోకాల్లో లిగమెంట్ తెగింది, జట్టు దణ్ణం పెట్టి పంపేసింది. ఇప్పుడు నలభై ఒకటో ఏట, కుంటుకుంటూ ఆ ఫ్రిజ్‌ల దుకాణం గోదాములోనే బరువులు మోస్తున్నాడు. నెలకోసారి జుట్టు కత్తిరించుకోవడానికి వస్తే ఇదే వరస:

"ఒరేయ్ వెండెల్, నువ్వు నా బిడ్డలాంటివాడివి. కానీ నేనైతే నీకు ఆ ఒప్పందం ఇచ్చేవాణ్ణి కాదు."

"వాళ్ళూ ఇవ్వలేదుగా బాబాయ్."

"మంచి పని చేశారు. తల వంచు."

వెండెల్ నవ్వేసేవాడు. నిజం చెప్పాలంటే, ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది. అయినా ఇంకో సెలూన్‌కి వెళ్ళలేదు. ఊళ్ళో ఇంకోటి లేదు కూడా.

అలా ఉండగా హైస్కూల్ జట్టుకు కోచ్ కావాల్సి వచ్చింది. మూడేళ్ళ ఒప్పందం, పైగా వైద్య బీమా. వెండెల్ మోకాలికి ఆపరేషన్ చేయించకపోతే ఏడాదిలో కర్ర పట్టుకోవాలని డాక్టర్ చెప్పి ఉన్నాడు. అందుకని దరఖాస్తు పెట్టాడు. కోచ్‌ని ఎంచే కమిటీలో ఐదుగురు. ఇద్దరు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. ఐదోవాడు స్టష్ మాలినోస్కీ.

"ఒక్కసారి వెళ్ళి అడిగి చూడరాదూ?" అంది వెండెల్ భార్య లొరెట్టా.

"ఏమని అడగను? మోకాలు చూపించి అడగనా?"

ఈస్టర్‌కి ముందొచ్చే శుక్రవారాల్లో ఊరంతా చర్చి కింది హాల్లో వేయించిన చేపలు తింటుంది. కమిటీ కూడా ఓ శుక్రవారం అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుంది. స్టష్ ఒక లావుపాటి నోట్‌బుక్ తీసి చదవడం మొదలుపెట్టాడు. గత ముప్పై ఏళ్ళలో ఆడిన రన్నింగ్ బ్యాక్‌లందరూ అందులో ఉన్నారు. ఒకడు, ఇరవై ఏడేళ్ళు, ఎడమ మోకాలు. ఇంకొకడు, ఇరవై తొమ్మిది, రెండూ. ఇరవై నిమిషాలైనా ఇంకా సగానికి రాలేదు.

"స్టష్, చేప చల్లారిపోతోంది," అంది కమిటీ పెద్ద డాట్ హ్రిట్జ్. "ఔనా, కాదా?"

"కాదు. వెండెల్‌కి మూడేళ్ళ ఒప్పందం ఇవ్వడానికి నేనొప్పుకోను."

వెనక బల్ల దగ్గర వెండెల్ ఫోర్కు కింద పెట్టేశాడు. లొరెట్టా అతని చెయ్యి పట్టుకుంది.

"ఆరేళ్ళివ్వండి," అన్నాడు స్టష్.

డాట్ ఆయన గ్లాసు తీసి వాసన చూసింది. అందులో ఉన్నది నిమ్మరసమే. "ఇన్నేళ్ళుగా వద్దు వద్దని మా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నువ్వే కదయ్యా?"

"పరిగెత్తేవాడికి వద్దన్నాను. ఇతను పరిగెత్తగలడా? ఆ మోకాల్లో ఇంకా పాడవడానికి ఏమీ మిగల్లేదు. ఇంతకన్నా భద్రమైన బేరం ఈ జిల్లాలో దొరకదు."

"మరి ఆ రోజుల్లో వాళ్ళివ్వకపోతే మంచి పని చేశారన్నావే, పాపం పిల్లాడి మొహానే?"

స్టష్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"ఆ ఒప్పందం ఆశ చూపించే కదా వీణ్ణి పాడుచేశారు? నెల రోజులు నొప్పి దాచుకుని ఆడాడు. వీడి నడక నాకు తెలీదూ? నాలుగేళ్ళ పిల్లాడప్పటి నుంచీ నా సెలూన్ మెట్లెక్కుతున్నాడు. చివరి ఆటలో ముప్పై నాలుగుసార్లు పరిగెత్తించారు. నేను టీవీ ముందు కూర్చుని లెక్కపెట్టాను. ఆ పాడు ఒప్పందమే లేకపోతే ఇంటికొచ్చి పడుకునేవాడు. ఇంకే పిల్లాడికీ ఆ ఆశ పెట్టొద్దనే నా మొత్తుకోలంతా. ఇన్నేళ్ళలో మీరెవరూ పూర్తిగా విని చావలేదు."

నెల రోజులు నొప్పి దాచిన సంగతి వెండెల్ ఎవరికీ చెప్పలేదు, లొరెట్టాక్కూడా. ఆవిడ అతని వంక చూసింది. అతను బల్ల వంక చూశాడు.

డాట్ చేతులెత్తమంది. ఐదూ లేచాయి. కాదన్న ఇద్దరిలో ఒకడి చేతిలో ఇంకా చేపముక్క ఉంది.

వెండెల్ ఎప్పుడు లేచాడో అతనికే తెలీదు. బెంచీలు పక్కకి తోసుకుంటూ, బాగున్న కాలి మీద ఎగురుతూ స్టష్ వైపు వచ్చేస్తున్నాడు. అది చూసి స్టష్ నోట్‌బుక్ కింద పడేసి, రెండు చేతులూ అడ్డం పెట్టి హాలంతా దద్దరిల్లేలా అరిచాడు:

"ఒరేయ్, పరిగెత్తకురా! నీకు ఆరేళ్ళిచ్చాం!"