రెండు పైపుల మిషన్

తొంభై మూడు దసరాకు మా మరిది దుబాయి నుంచి బట్టలుతికే మిషన్ తెచ్చాడు. కామారెడ్డిలో మా గల్లీకి అదే మొదటిది. తడి తగిలితే పాడవుతుందని దాన్ని ముందుగదిలో, టీవీ పక్కన నిలబెట్టారు. నీళ్లతో పనిచేసే వస్తువుకు తడి తగలకూడదన్న జాగ్రత్త మా ఇంట్లోనే చూశాను. పసుపు, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మీద లేసు గుడ్డ కప్పారు.

దాని కోసం అందరికన్నా ఎక్కువ ఎదురుచూసింది నేనే. మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టి అప్పటికి ఏడాది దాటింది. వీపుకు పుండ్లు పడుతున్నాయి, పక్కబట్టలు రోజూ వేడినీళ్లలో ఉతకాలని డాక్టరు చెప్పాడు. నా ఉద్యోగం ఎల్లారెడ్డిలో, ఒక ఆఫీసులో లెక్కల పని. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి, ఉతికి, ఆరేసేసరికి బస్సు వెళ్లిపోయేది. హాజరులో నా పేరు ఎదుట ఎర్రగీతలు పెరుగుతున్నాయి. మావారి దగ్గర దీనికి తేలికైన ఉపాయం ఉంది: నేను ఉద్యోగం మానేయడం. మరిది మాత్రం, మిషనే నీళ్లు వేడి చేసుకుంటుందని, నేను మీట నొక్కి బస్సెక్కవచ్చని అన్నాడు.

నొక్కాను. మిషన్ తిరిగింది, ఊగింది, టీవీని పక్కకు నెట్టింది. మూత తీస్తే బట్టలు బావిలోంచి తీసినంత చల్లగా ఉన్నాయి. మరకలు ఎక్కడివక్కడే.

అన్నదమ్ములిద్దరూ రంగంలోకి దిగారు. చుట్టూ పొలాల్లో మోటార్లు నడుస్తుంటే వోల్టేజీ ఎక్కడ సరిపోతుందని మావారు స్టెబిలైజర్ కొన్నారు. స్టెబిలైజర్ వేడెక్కింది, నీళ్లు వేడెక్కలేదు. ఫ్యూజులో లావు తీగ వేశారు. స్తంభం మీది ఫ్యూజు పోయి గల్లీ అంతా చీకటైంది. మా ఇంటికి మిషన్ వచ్చిన సంగతి తెలియనివాళ్లెవరైనా ఉంటే ఆ రోజుతో తెలిసిపోయింది. మీటల కింద అరబ్బీ రాతలున్నాయని పక్కింటి చాచాను పిలిచారు. ఆయన ఒక్కొక్క మాటా ఎంతో చక్కగా చదివి, చదవడమే గాని మతలబు తనకు తెలియదని చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు.

దీపావళి కూడా దాటింది. రాజీనామాలో ఏ కారణం రాస్తే బాగుంటుందో మావారు నాకు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం లేసు గుడ్డ తీసి మిషన్ వెనక్కి వెళ్లి చూశాను. రెండు పైపులు. ఒకదానికి ఎర్ర పట్టీ, ఇంకోదానికి నీలం పట్టీ. రెండింటినీ కలిపి ఒకే నల్లాకు బిగించారు. ఎందుకని మరిదిని అడిగాను.

"రెండు నోళ్లున్నా తాగేది నీళ్లే కద, వదినె."

"దుబాయిల ఎర్ర పైపు దేనికి పెట్టిండ్రు?"

"వేడినీళ్ల నల్లాకు. ఆ ఇండ్లల్ల గోడలకెంచే వేడినీళ్లొస్తయి. మీద బాయిలర్ ఉంటది."

అన్నాక అతనికే అర్థమైంది. మిషన్‌లో హీటరే లేదు. లేని హీటరును అన్నదమ్ములు ఇన్నాళ్లుగా బాగుచేస్తున్నారు.

ముందు తేరుకున్నది మావారు. "అయితే ఏమైంది? నీళ్లు కాగబెట్టి ఎర్ర పైపుల పోసుడే."

"మంచిది, రేపటి సంది మీరే పొయ్యుండ్రి. మిషన్ మీ తమ్ముడు తెచ్చింది, పక్కబట్టలు మీ తల్లివి. నాకు బస్సున్నది."

ఆయన తల్లి మంచం వైపు చూశారు. అత్తగారికి అప్పట్లో నోరు సగమే తిరిగేది. ఆ సగం చాలింది.

"పొయ్యనియ్యి. వాని గుడ్డలు నేను ఉతకలేదా?"

మర్నాటి నుంచి కిటికీలో నల్లా బిగించిన రేకు డబ్బా ఒకటి వెలిసింది. మావారు పొయ్యి రాజేసి, నీళ్లు కాచి అందులో పోసేవారు. ఎర్ర పైపు ఆ డబ్బా నల్లా నుంచి తాగేది. అత్తగారి పుండ్లు మెల్లగా మానాయి. నేను రిటైరయ్యేదాకా హాజరులో మరో ఎర్రగీత పడలేదు.

ఇంటికి వచ్చినవాళ్లకు మావారు లేసు గుడ్డ తీసి మరీ మిషన్ చూపించేవారు. అంతా ఆటోమేటిక్, మీట నొక్కితే చాలు అనేవారు. పొగకు కళ్లు తుడుచుకుంటూ అనేవారు.