గీత మీదికి జరిగిన చుక్కలు

రాయచూరు బజారులో మాది బట్టల దుకాణం. చేనేత అని తెచ్చిన చీరలో ఒక్క పోగైనా ఎగుడుదిగుడుగా లేకపోతే నాన్న నమ్మేవాడు కాదు. ఇదే ఊళ్లో నేను ఫిజిక్స్ లెక్చరర్‌నయ్యాను గానీ, ఆ అనుమానం మాత్రం నాకూ అంటుకుంది.

హట్టి బంగారు గనుల క్వార్టర్సులో పెరిగి, మా కాలేజీ హాస్టల్లో ఉండే ఒకమ్మాయి ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నికెల్ తీసుకుంది. నికెల్ కడ్డీని వేడి చేస్తూ పోతే అయస్కాంతత్వం తగ్గుతూ, ఒక ఉష్ణోగ్రత దగ్గర మాయమవుతుంది. ఎలా తగ్గుతుందో సగటు క్షేత్ర సిద్ధాంతం లెక్కగడుతుంది. ప్రతి పరమాణువూ పక్కవాటిని విడివిడిగా పట్టించుకోకుండా అన్నిటి సగటునే చూస్తుందని దాని ఊహ. లెక్క తేలికే. కానీ ఆ చివరి ఉష్ణోగ్రత దగ్గర అసలు నికెల్ ఆ లెక్కకు లొంగదు.

ఆమె గ్రాఫులో చుక్కలన్నీ చివరిదాకా సిద్ధాంతం చెప్పిన గీత మీదే ఉన్నాయి.

"గిది నువ్వే కొలిచినవా?"

"ఇంకెవరు కొలుస్తరు మేడం?"

ఎవరిదో పాత ప్రాజెక్టు ఎత్తిరాసిందనుకున్నాను. ల్యాబ్ అటెండర్‌ని విడిగా అడిగితే, రోజూ ఫర్నేస్ దగ్గరే కూర్చునేదన్నాడు. తనే కొలిస్తే చుక్కలు గీత మీద ఎలా పడ్డాయని అనుమానం ఇంకా పెరిగింది.

"నా ముంగట మళ్ల చెయ్యి" అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. "నా మీద షక్కా మేడం?"

"ఔ."

గాలికి వేడి చెదరకుండా ఫ్యాను ఆపేశాం. ఇద్దరం చెమటలో తడుస్తూ చుక్క తర్వాత చుక్క పెట్టాం. చివరికొచ్చేసరికి చుక్కలు గీతకు పైన నిలబడి, ఆ తర్వాత నిటారుగా పడిపోయాయి.

"మళ్ల గిట్లనే అయితుంది" అని గొణిగింది.

"మళ్ల అంటే?"

ఆమె తల దించుకుంది. "ఎన్నిసార్లు చేసినా గిట్లనే వచ్చింది మేడం. బుక్కుల గట్ల లేదు. బుక్కు తప్పయితదా? నేనే ఏదో తప్పు చేసిననుకొని గీత మీదికి జరిపిన."

కోపమొచ్చి ఆ పాత గ్రాఫు పక్కకు నెట్టాను. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: ఆ ఉష్ణోగ్రత దగ్గర పరమాణువుల అయస్కాంత దిశలు గుంపులు గుంపులుగా మారతాయి, సగటు తీస్తే ఆ గుంపుల సంగతే కనపడదు. ఆమె గ్రాఫు మళ్లీ గీసింది.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ కొత్త గ్రాఫు చూసి ముఖం చిట్లించాడు. "సిద్ధాంతంతో కలవలేదేం? పరికరం చెడిపోయిందా?" అని కన్నడంలో నన్ను అడిగాడు.

జవాబు ఆమే చెప్పింది, కన్నడంలోనే. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ ఒకేలా వచ్చిందని, అక్కడ సగటు పనిచేయదని. ఆయన నమ్మలేదు. ఫర్నేస్ వెలిగించమని చెప్పి, ముఖం తుడుచుకుంటూ దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు. చుక్కలు మళ్లీ అక్కడే పడ్డాయి. సంతకం పెట్టాడు.

వరండాలోకి వచ్చాక ఆమె అడిగింది. "మీరు గూడ ఇంక నన్ను నమ్మరు గదా మేడం?"

"కొలిచింది కొలిచినట్టు తెస్తే నమ్ముత."

తల ఊపింది. నా మాట నమ్మినట్టు మాత్రం కనపడలేదు.